మా నాన్న కోసం ప్రార్థన చేయండి

పోయిన నెలలో ఒక శనివారం సాయంత్రం షారోన్ మా ఇంటికి వచ్చింది. ఖమ్మం పిల్ల. గంగకు అవతల సాల్ట్ లేక్‌లో ఏదో కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. అక్కడికి దగ్గర్లో చర్చిలు ఎన్ని ఉన్నా, తెలుగులో వాక్యం వినాలని ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి హౌరా వైపు, టికియాపారాలో ఉన్న మా చిన్న సంఘానికి వస్తుంది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, నా మంచం అంచున కూర్చుని, ఫోనులో ఒక ఫోటో చూపించింది. అట్టతో చేసిన రెక్కలు, బంగారు కాగితం అంటించిన కిరీటాలు, దూదితో చేసిన గడ్డం.

"క్రిస్మస్‌కి డ్రామా వేస్తున్నం ఆంటీ. మీరు నాటకాలు మస్తు చూస్తరని పాస్టర్‌గారు చెప్పిన్రు. ఒక్కసారి రిహార్సల్‌కి వచ్చి, ఎట్ల నిలబడాలె, ఎట్ల మాట్లాడాలె చెప్తరా?"

"నాకేం తెలుసమ్మా. నేను చూసేదాన్నే గానీ వేసేదాన్ని కాదు."

"చూసేటోళ్ళకే తెలుస్తది ఆంటీ. వేసేటోళ్ళం మేము, మాకేం తెల్వదు," అని నవ్వింది. టీ తాగుతూ మామూలుగా అడిగింది. "మన చర్చిల ముందు నుంచీ డ్రామాలు ఉన్నయా?"

"లేవు."

"అయ్యో, ఎందుకట్ల? ఎవరికీ ఇంట్రెస్ట్ లేకుండెనా?"

నేను ఖాళీ కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళాను. ఆమె వెళ్ళిపోయాక లైటు వేయకుండా చాలాసేపు కూర్చున్నాను. ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళలో ఈ ఊళ్ళో మిగిలింది నేను ఒక్కదాన్నే. అమ్మ లేదు, అప్పటి పాస్టరు అయ్యగారు లేరు, మా రైల్వే క్వార్టర్ల వరసలో ఉన్న తెలుగువాళ్ళందరూ రిటైరై ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. నేను పోతే ఆ జవాబు కూడా పోతుంది. పోనిస్తే పోయేదే. కానీ అందులో మా నాన్న ఉన్నాడు. అందుకని రాస్తున్నాను.

మా నాన్న పేరు ఆశీర్వాదం. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చి రైల్వేలో ఫిట్టరుగా చేరాడు. టికియాపారా షెడ్డు వెనక వరసలో మాకొక క్వార్టరు ఉండేది. ఒక గది, ఒక వసారా, నాలుగిళ్ళకి కలిపి ఒక కుళాయి. పొద్దున షిఫ్టు దిగి మధ్యాహ్నం దాటాక వచ్చేవాడు. ఆయన కంటే ముందు ఆయన వాసన వచ్చేది. ఇంజను నూనె, ఇనుప రజను, చెమట. పక్కింటి బెంగాలీవాళ్ళ ఆవనూనె ఘాటు, మా పొయ్యి మీద వేగే ఎండు చేపలు, వీటన్నిటినీ తోసుకుని ఆ వాసన లోపలికి వచ్చేది. వసారాలోనే చొక్కా విప్పి, అమ్మ చిప్పలో పోసిపెట్టిన కిరసనాయిలుతో చేతులు తోముకునేవాడు. మామూలు రోజుల్లో ఒకసారి. శనివారం మాత్రం మూడుసార్లు. ముందు కిరసనాయిలు, తర్వాత బట్టల సబ్బు, ఆ తర్వాత పిండేసిన నిమ్మచెక్క. గోళ్ళ సందుల్లో మిగిలిన నలుపును అగ్గిపుల్లతో తీసేవాడు. మర్నాడు సంఘంలో హార్మోనియం వాయించాలి. ఆ మెట్ల మీద తన వేలి మచ్చ పడితే ప్రభువు బల్ల మీద పడ్డట్టే అనేవాడు. అమ్మ వెక్కిరించేది.

"పెళ్ళికొడుకు ముస్తాబైనా ఇంతసేపు పట్టదు. ఒక్క పాలి ఆ నిమ్మసెక్క నా సేతికి ఇచ్చినాడేటి ఈ మనిసి?"

"నువ్వేటి, హార్మోనియం వాయిస్తావేటే?"

"నాను అంట్లు తోమబట్టే నీకు రాగాలు తోస్తన్నాయి."

మా సంఘం పట్టాల పక్కన రేకుల షెడ్డులో కూడుకునేది. లోకల్ బండి వెళ్తుంటే వాక్యం వినపడేది కాదు. పాస్టరుగారిని మేము అయ్యగారనే పిలిచేవాళ్ళం. ఆయన మాట మధ్యలో ఆపి, కళ్ళు మూసుకుని నిలబడి, ఆఖరి పెట్టె దాటాక సరిగ్గా అదే మాట దగ్గర అందుకునేవారు. పాట మధ్యలో బండి వస్తే మాత్రం నాన్న ఆపేవాడు కాదు. తిత్తి గట్టిగా ఒత్తి ఒక్క స్వరం పట్టుకుని కూర్చునేవాడు. మోత తగ్గేసరికి ఆ స్వరం ఇంకా అక్కడే ఉండేది. అందరం దాన్ని పట్టుకుని మళ్ళీ పాటలోకి దిగేవాళ్ళం. విశ్వాసమంటే ఏమిటో ఆ తర్వాత ఎన్నో ప్రసంగాల్లో విన్నాను, ఆదివారం బడి పిల్లలకు నేనూ చెప్పాను. కానీ ఆ మాట అన్నప్పుడల్లా నా చెవిలో మోగేది ఆ ఒక్క స్వరమే.

మా వరసలో మూడిళ్ళ అవతల సింహాచలం ఉండేవాడు. రైల్వేలో ఖలాసీ. బరువులు మోసి మోసి భుజాలు బండల్లా ఉండేవి. అయినా తెలుగు కార్మికుల నాటక సమాజంలో రాణి వేషం ఎప్పుడూ ఆయనదే. ఏటా దసరాకి అమ్మవారి పందిట్లో పురాణ నాటకం వేసేవారు. పద్యాలన్నీ హార్మోనియం మీద నడవాలి. ఆ యేడు వాళ్ళ హార్మోనిస్టుకు ఖరగ్‌పూర్ బదిలీ అయింది. ఒక సాయంత్రం సింహాచలం మా వసారాలోకి వచ్చి గోడకు చేరబడి కూర్చున్నాడు.

"బావా, మా పెట్టి మూగదైపోనాది. నీ సేతులుంటే గానీ పలకదు."

"నన్నెందుకు అడుగుతావురా? మా సంఘం సంగతి నీకు తెల్దేటి?"

"మీ దేవుడు పాటలే ఇంటాడేటి? పద్యాలు ఇనడేటి?"

"మా దేవుడు ఇంటాడు. మా పెద్దలే ఇనరు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాన్న ఆ రోజు ఒప్పుకోలేదు. మూడో రోజు ఒప్పుకున్నాడు. ఆ మూడు రోజులూ అన్నం తింటూ కంచం అంచు మీద వేళ్ళు ఆడించడం నేను చూశాను.

రిహార్సళ్ళు రైల్వేవాళ్ళ క్లబ్బు, ఇన్‌స్టిట్యూట్ వరండాలో, షిఫ్టు దిగినవాళ్ళు స్నానాలు చేసి వచ్చాక జరిగేవి. నాన్న నన్ను వెంట తీసుకువెళ్ళేవాడు. నాకప్పుడు పదమూడో పద్నాలుగో. "నువ్వలా కూకొని సూడు. సంఘంలో మాత్రం అనకు, తల్లీ," అన్నాడు మొదటి రోజు. నేను తలూపాను. అమ్మ గుమ్మంలో నిలబడి, "మీసాలున్న రాణి కాడికి ఎల్తన్నారా ఇద్దరూ?" అనేది.

అక్కడ నేను చూసింది ఎలా చెప్పాలి. సింహాచలం లుంగీ మీద ఒక పాత దుప్పటి చీరలా చుట్టుకునేవాడు. నోట్లో బీడీ తీసి స్తంభం మీద పెట్టి, నాలుగడుగులు నడిచేవాడు. ఆ నాలుగో అడుగుకు ఖలాసీ ఉండేవాడు కాదు. రాజ్యం పోయి, కొడుకు చెయ్యి పట్టుకుని ఎండలో నిలబడ్డ ఒక ఆడమనిషి ఉండేది. పద్యం ఎత్తుకుంటే నాన్న ఆమె వెనకే వెళ్ళేవాడు. సంఘంలో నాన్న ముందు నడిచేవాడు, మేము వెనక వెళ్ళేవాళ్ళం. ఇక్కడ ఆయన వెనక ఉండేవాడు. పద్యం చివర సింహాచలం రాగం తీస్తూ ఎక్కడికో వెళ్ళిపోతే, ఆయన ఎక్కడ దిగుతాడో చూస్తూ, తల కొంచెం పక్కకు వంచి, ఒక చిన్న నవ్వుతో ఎదురుచూసేవాడు. ఆ నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. సంఘంలోనూ చూడలేదు. వరండా అంచున కూర్చున్న కార్మికులు "వన్స్ మోర్" అని అరిచేవారు. ఒక బెంగాలీ గార్డు దారిన పోతూ ఆగి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా సైకిలు స్టాండు వేసి, "కీ గలా, దాదా," ఏం గొంతు అన్నా, అని తనలో తాను అనుకుంటూ చివరిదాకా నిలబడేవాడు.

రెండు వారాల్లో రాణి మాటలన్నీ నాకు వచ్చేశాయి. అమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరేసి, తువ్వాలు తల మీద కప్పుకుని, అద్దం ముందు ఆ మాటలు చెప్పేదాన్ని. కళ్ళలో నీళ్ళు నిజంగానే వచ్చేవి. కుటుంబ ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా మనసులో ఆ పద్యమే తిరిగేది. కళ్ళు మూసుకుంటే ప్రభువు కాక దుప్పటి చుట్టుకున్న సింహాచలం కనిపించేవాడు. నేను భయపడిపోయాను. మమ్మల్ని పెంచిన బోధ తేలికైనది కాదు. లోకం వేరు, సంఘం వేరు. రెంటికీ మధ్య గీత ఉంది, కాలు అటు పెడితే అటే. ఆదివారం బడిలో అయ్యగారు ఒకసారి వేషాలు కట్టడం గురించి చెప్పారు. దేవుడిచ్చిన ముఖం మీద ఇంకో ముఖం వేసుకునేవాడికి ఆయన ముందు నిలబడే రోజున ఏ ముఖం మిగులుతుందని అడిగారు. ఆయన మమ్మల్ని బెదిరించడానికి అనలేదు. నిజంగా నమ్మి అన్నారు. నేనూ నిజంగా నమ్మాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ళు, పిల్లలు ఉపవాస ప్రార్థనకు కూడుకునేవారు. మొదట ఒక పాట. తర్వాత ప్రార్థన మనవులు. ఒక్కొక్కరూ లేచి దేని కోసం ప్రార్థన చేయాలో చెప్పేవారు. ఒకామె మోకాళ్ళ నొప్పి అనేది, ఇంకొకామె కొడుకు తాగుడు అనేది, మూడో ఆమె ఊళ్ళో ఉన్న తల్లి కళ్ళు అనేది. ఎవరూ దాచుకునేవారు కాదు. సంఘమంటే ఒక ఒళ్ళు, నొప్పి చెప్పుకోకపోతే మందెలా వేస్తారు. అలా పెరిగిన పిల్లను నేను. ఆ శుక్రవారం లేచి నిలబడ్డాను. "నా కోసం ప్రార్థన చేయండి" అని చెప్పడానికే లేచాను. నా మనసు నాటకం మీదికి పోయింది, నన్ను వెనక్కి తీసుకురమ్మని అడగండి అని చెప్పాలనుకున్నాను. దారంతా అదే మాట కూడబలుక్కుంటూ వచ్చాను. నిలబడ్డాక అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి. నా నోటి నుంచి వచ్చింది ఇది.

"మా నాన్న కోసం ప్రార్థన చేయండి. దసరా నాటకానికి హార్మోనియం వాయిస్తున్నాడు."

"ఆమేన్," అన్నారు అందరూ, ఎప్పటిలాగే. ముందు వరసలో అమ్మ ఉంది. వెనక్కి తిరగలేదు. ఆమె ముసుగు అంచు మాత్రం చేత్తో సర్దుకుంది.

మర్నాడు సాయంత్రం అయ్యగారు మా ఇంటికి వచ్చారు. నాన్న చేతులు తోముకుంటున్నాడు. శనివారం కదా, నిమ్మచెక్క దాకా వచ్చాడు. అయ్యగారు పీట మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ పూర్తిగా తాగాక మాట్లాడారు. ఆయన మెత్తని మనిషి. మా వరసలో జ్వరం వచ్చిన ఇల్లు లేదు ఆయన అడుగు పెట్టనిది.

"నాటకానికి వాయిస్తున్నావంట, ఆశీర్వాదం."

"అవునండి."

"దసరా పందిట్లోనే కదా?"

"పందిట్లోనేనండి. అమ్మోరు ఆ మూల, స్టేజి ఈ మూల."

"రెండు మూలలకీ పందిరి ఒకటే కదా నాయనా."

నాన్న చేతులు తుడుచుకున్నాడు. "అయ్యగారూ, బైబిల్లో మందసం ముందర ఓ రాజు గంతులేసి ఆడినాడని మీరే గదండి సెప్పినారు."

"ఆడాడు. అది దేవుని మందసం."

"మరి రాగం ఎవులిదండి? నాను సంఘంలో పలికించిందీ అదే రాగం, ఇన్‌స్టిట్యూట్‌లో పలికించిందీ అదే. ఏ మెట్టు దగ్గర సైతాను దూరినాడో సూపించండి, అక్కడ వాయించడం మానెస్తాను."

అయ్యగారు తల వంచుకున్నారు. "నాకు సంగీతం తెలియదు, ఆశీర్వాదం. సంఘం తెలుసు. నిన్ను చూసి విశ్వాసంలో బలహీనులు పడిపోతారేమోనని నా భయం."

"ఎవులు పడిపోనారు?"

అయ్యగారు ఖాళీ కప్పు పీట పక్కన పెట్టారు. "మీకెవులు సెప్పినారు?" అన్నాడు నాన్న.

"ప్రార్థనలో వచ్చింది," అన్నారాయన. నా వైపు చూడకుండా ఉండడానికి ఆయన ఎంత కష్టపడ్డారో ఇప్పుడు తెలుస్తోంది. అయితే ఆయన చూడకపోవడమే చాలింది. నాన్న నెమ్మదిగా నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఏదో పాట వాయిస్తుండగా ఒక మెట్టు పలకకపోతే చూసినట్టు చూశాడు, అంతే.

సంఘ క్రమం ప్రకారం నాన్నను బల్లకు దూరంగా ఉంచారు. తప్పు ఒప్పుకునేదాకా హార్మోనియం ముట్టకూడదు, ప్రభు భోజనంలో పాలు లేదు. ఆదివారం వచ్చి ఆఖరి చాప మీద కూర్చునేవాడు. రొట్టె పళ్ళెం వరసలు దాటుకుంటూ వచ్చి, ఆయన దగ్గర ఆగకుండా పక్కవాడికి వెళ్ళేది. ఆయన దాన్ని తన చేత్తోనే అందుకుని అవతలివాడికి ఇచ్చేవాడు. హార్మోనియం మూత వేసి ఉండేది. పాట మధ్యలో లోకల్ బండి వస్తే మేమందరం ఆగిపోయేవాళ్ళం, మోత తగ్గాక ఒక్కొక్కరూ ఒక్కో శ్రుతిలో మొదలుపెట్టేవాళ్ళం. రిహార్సళ్ళకు మాత్రం వెళ్తూనే ఉన్నాడు. నన్ను తీసుకువెళ్ళడం మానేశాడు. నాతో మామూలుగానే మాట్లాడేవాడు. అన్నం తిన్నావా అనేవాడు, పుస్తకాలు సర్దుకున్నావా అనేవాడు. నేను ప్రతి రాత్రీ ప్రార్థించేదాన్ని, ప్రభువా, మా నాన్నను ఒప్పించు అని. నేను చేసింది సరైనదేనని నాకు అనుమానం లేదు. ఆయన ఆత్మ కోసం చేశాను అనుకున్నాను.

ఆ యేడు నా బాప్తిస్మం. నాతో ఇంకో నలుగురు. దసరా పండగకు ముందే గంగ ఒడ్డున ఇవ్వాలని నిర్ణయించారు. సంఘ పెద్దల్లో ఒకాయన లేచి, ఇంటి యజమాని క్రమశిక్షణలో ఉండగా ఆ ఇంటి పిల్లను నీళ్ళలోకి దించడం ఎలాగని అడిగాడు. అయ్యగారు ఆలోచించి, ఈ అమ్మాయిది వచ్చే యేడు చూద్దాం అన్నారు. నేను ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఏడాది లోపల ప్రభువు వచ్చేస్తే నా గతేమిటి అన్నదే నా ఏడుపు. నవ్వకండి, ఆ వయసులో అది నాకు నిజమైన భయం. నాన్న వసారాలో కూర్చుని అంతా విన్నాడు. అమ్మ ఆయనతో మెల్లగా ఏదో అంది. ఆయన "ఊరుకోయే" అన్నాడు.

తర్వాతి ఆదివారం, వాక్యం అయ్యాక, ఆఖరి చాప మీద నుంచి నాన్న లేచాడు. ముందుకు నడిచి వచ్చి సంఘం వైపు తిరిగాడు. "తప్పయిపోనాది. మన్నించండి," అన్నాడు. ఇంకేం చెప్పలేదు. ఏ తప్పో చెప్పలేదు. అయ్యగారు ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నాను. నా ప్రార్థనకు జవాబు వచ్చింది మరి. ఒక తండ్రి నాటకాన్ని వదులుకుని తిరిగి వచ్చాడు, సంతోషమే. ఆయన ఎవరి కోసం వచ్చాడో నాకు తట్టడానికి చాలా యేళ్ళు పట్టింది.

ఆ నలుగురితో పాటు నాకూ బాప్తిస్మం ఇచ్చారు. గంగ దగ్గర పొద్దున్నే నీళ్ళు చల్లగా ఉన్నాయి. స్నానాలకు వచ్చిన బెంగాలీ ముసలమ్మలు మెట్ల మీద నిలబడి మమ్మల్ని వింతగా చూశారు. నేను మునిగి లేచి బయటికి వస్తే, మోకాళ్ళ లోతు నీళ్ళలో నాన్న తువ్వాలు విప్పి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా తల గట్టిగా తుడిచాడు. "సలేస్తందా?" అని మాత్రం అడిగాడు. ఆయన చేతులకు నిమ్మ వాసన లేదు. కిరసనాయిలు వాసనే ఉంది.

నాటకం ఆయన లేకుండానే జరిగింది. మర్నాడు సింహాచలం వచ్చి ఆ సంగతి చెప్పాడు. ఎక్కడినుంచో బెంగాలీ జాత్రా నాటకాలకు వాయించే ఒక హార్మోనిస్టును పట్టుకొచ్చారట. మంచి పనివాడేనట గానీ మన పద్యం నడక తెలియదట.

"నాను రాగం తీస్తన్నాను బావా. కొడుకు సచ్చిపోనాడు, రాణి ఏడస్తంది. ఆ మాస్టరు పద్యం అయిపోనాదనుకొని టపటపా ఓ గెంతుల పాట ఎత్తుకున్నాడు. తబలావోడు ఆడి ఎనకాతల ఎల్లిపోనాడు. నానేటి సెయ్యాల? సచ్చిన కొడుకు కాడ నాలుగు గెంతులు ఎయ్యాలేటి?"

నాన్న నవ్వాడు. కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. సింహాచలం కూడా నవ్వాడు. నవ్వులు అయిపోయాక ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. "నువ్వుంటే" అన్నాడు సింహాచలం. వాక్యం పూర్తి చేయలేదు. చీకటి పడకముందే లేచి వెళ్ళిపోయాడు.

సంఘంలో నాన్నకు హార్మోనియం తిరిగి ఇచ్చారు. వాయించాడు. తప్పు లేకుండా, సమయానికి మొదలుపెట్టి సమయానికి ఆపేవాడు. ఎవరూ తేడా గమనించలేదు. కొన్నాళ్ళకు, వేళ్ళు పట్టుకుపోతున్నాయని ఇంకొకరికి నేర్పి అప్పగించాడు.

నేను చదువుకుని నర్సునయ్యాను. పెళ్ళి చేసుకోలేదు, అది వేరే కథ. జీతం చేతికి వచ్చాక ఒక సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫారం మీద శాలువా కప్పుకుని, ఊళ్ళో ఒక హాలుకు వెళ్ళి బెంగాలీ నాటకం చూశాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను. వెనక వరసలో, గోడ పక్క సీటు. తెర లేవగానే నా గుండె ఎలా కొట్టుకుందంటే పక్కవాళ్ళకు వినిపిస్తుందేమోనని భయపడ్డాను. ఆ తర్వాత నెలకోసారి, రెండుసార్లు. ఎప్పుడూ ఒంటరిగానే. ఆదివారం మోకరించి క్షమాపణ అడిగేదాన్ని, మళ్ళీ వెళ్ళేదాన్ని. చాలా కాలానికి క్షమాపణ అడగడం మానేసి, కృతజ్ఞత చెప్పడం మొదలుపెట్టాను. ఈ వరం కూడా నువ్వు ఇచ్చిందే అనగలిగే ధైర్యం నలభై దాటాక గానీ రాలేదు. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నా తండ్రి దేనివల్ల ఆఖరి చాప మీద కూర్చున్నాడో దాన్ని నేను మెత్తని సీటు మీద కూర్చుని చూసి వస్తున్నానని ఏ నోటితో చెప్పను?

ఒకసారి నా బట్టలు నానబెట్టబోతూ నాన్నకు జేబులో టికెట్టు ముక్క దొరికింది. అప్పటికి ఆయన రిటైరయ్యాడు, అమ్మ పోయింది, ఇంటి పని సగం ఆయనే చేసేవాడు. నేను వచ్చేసరికి ఆ ముక్క బల్ల మీద, నీళ్ళ గ్లాసు కింద ఉంది. నేను నిలబడిపోయాను. ఆయన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండా అడిగాడు.

"హార్మోనియం ఉన్నాదేటి అందులో?"

"లేదు నాన్నా. ఇప్పుడు టేపు పెడతారు."

"ఓహో," అన్నాడు. ఇంకో కాయ ఈనె తీసి, "టేపు ఆగి సూడదు గదా, మడిసి ఎక్కడ దిగుతాడో," అన్నాడు.

అప్పుడు నేను అడిగి ఉండాల్సింది. నాన్నా, నువ్వూ రా, ఒక్కసారి నాతో రా అని. ఆ పక్కనే కూర్చుని, ఆ శుక్రవారం నా గురించి చెప్పబోయి నీ గురించి చెప్పాను అని అనాల్సింది. నేను టికెట్టు ముక్క తీసి పారేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను.

క్వార్టరు వదిలాక మారిన మేడ మీది ఇంట్లో, ఒంటరిగా ఉన్నప్పుడు నాన్న పాడుకునేవాడని నాకు ఆలస్యంగా తెలిసింది. డ్యూటీ నుంచి కొంచెం ముందుగా వచ్చిన రోజుల్లో మెట్లు ఎక్కుతుంటే వినిపించేది. మొదట కీర్తన అనుకున్నాను. కాదు, రాణి పద్యం. సింహాచలం గొంతు కాదు, బీడీ పొగ లేని, పలచటి ముసలి గొంతు. కానీ ఆ రాగమే, ఆ వంపులే, ఎక్కడ దిగాలో తెలిసి కూడా దిగకుండా ఆలస్యం చేయడమే. నేను మెట్ల మీద ఆగిపోయేదాన్ని. ఎంత ఆగినా ఎప్పుడో ఒకప్పుడు పైకి రావాలి కదా. నా చెప్పుల చప్పుడు వినగానే పాట ఆగిపోయేది. సగం మాటలో ఆగిపోయేది. తలుపు తీసేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని, "వచ్చినావా తల్లీ, టీ పెట్టనా?" అనేవాడు. ఒకసారి చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కి చూశాను. గొళ్ళెం చప్పుడుకు ఆపేశాడు. ఆయన పోయేదాకా ఆ పద్యం చివరి పాదం నేను ఆయన నోట వినలేదు.

షారోన్ పిలిచిన రిహార్సల్‌కు వెళ్ళాను. ఇప్పుడు సంఘానికి పక్కా హాలు ఉంది, కీబోర్డు ఉంది, డ్రమ్ముల సెట్టు ఉంది. పాస్టరు ముప్పై యేళ్ళ కుర్రాడు, గిటారు వాయిస్తాడు. ముగ్గురు జ్ఞానుల్లో ఒకడికి నడక రావడం లేదని నవ్వుతూ తనే నడిచి చూపిస్తున్నాడు. దేవదూత వేషం వేసిన పిల్లను, మాట చెప్పేముందు నాలుగడుగులు నడవమన్నాను. నాలుగో అడుగుకు నువ్వు పోవాలి, దూత రావాలి అన్నాను. ఆ పిల్లకు వెంటనే అర్థమైంది. నాకు చాలా సంతోషమైంది, అది దాచుకోను. పాతరోజులే పవిత్రమైనవని అనలేను. ఈ పిల్లలు ఆరాధన నుంచి నాటకానికి, నాటకం నుంచి ఆరాధనకు గుమ్మం కూడా దాటకుండా నడుస్తున్నారు, ప్రభువు పేరు వాళ్ళ నోట చెడిపోలేదు. మా వాళ్ళు గీసిన గీత వీళ్ళకు కనిపించను కూడా కనిపించదు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచాను. చాలా యేళ్ళ తర్వాత. ఒక శుక్రవారం ఇదే సంఘంలో నేను నిలబడి, నా పేరు చెప్పాల్సిన చోట మా నాన్న పేరు చెప్పాను అన్నాను. నా ఆశను ఆయన మీద మోపాను, ఆయన నా కోసం చేయని తప్పు ఒప్పుకున్నాడు, ఆయన బతికి ఉండగా నేను ఈ మాట చెప్పలేదు, మీ ముందు చెబుతున్నాను అన్నాను. అంతా చెప్పాను. కూర్చున్నాను.

చప్పట్లు కొట్టారు. అందరూ, ముందు వరస నుంచి వెనక దాకా. పాస్టరు కళ్ళు తుడుచుకుని, ఇంత గొప్ప సంగీతకారుడిని మన సంఘానికి ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం అన్నాడు. ఆరాధన అయ్యాక షారోన్ వచ్చి నన్ను కావలించుకుంది.

"ఎంత మంచిగుంది ఆంటీ. వచ్చే యేడు దీన్నే డ్రామా వేద్దాం. మీ నాన్న వేషం పాస్టర్‌గారు వేస్తరు."

"చూద్దాంలేమ్మా," అన్నాను.

వాళ్ళ తప్పు లేదు. మంచి పిల్లలు. నాటకానికి వాయించడం తప్పెలా అవుతుందో వాళ్ళకు తెలియదు. ఆ తప్పే తెలియనివాళ్ళకు, దాన్ని బయటపెట్టిన నేను ఏం చేశానో ఎలా తెలుస్తుంది? "నువ్వు తప్పు చేశావు" అనగలిగినవాళ్ళు ఒక్కరు ఉన్నా, "పోనీలే" అనడానికి వాళ్ళకు అధికారం ఉండేది. ఆ హాలులో అలాంటివాళ్ళు ఎవరూ లేరు. ముప్పై మంది మధ్య నిలబడి పళ్ళెంలో పెట్టిన కేకు ముక్క తిన్నాను. ఎవరో ఆటో పిలుస్తామన్నారు. వద్దని నడిచి వచ్చాను.

దేవుడు నన్ను క్షమించాడు. అందులో నాకు సందేహం లేదు, ఆ మాట ఇచ్చినవాడు నమ్మదగినవాడు. నాన్న ప్రభువు దగ్గరే ఉన్నాడనీ నమ్ముతున్నాను. ఆ చోట పాట ఆగదని చిన్నప్పటి నుంచి విన్నాను, ఇంకెంతో దూరం లేదు కనుక ఈ మధ్య దాని గురించి ఎక్కువగా ఆలోచిస్తున్నాను. కిరీటం మీద నాకు ఆశ లేదు. ముందు వరసా అడగను. నేను వెళ్ళేసరికి ఆయన ఏదో ఒకటి పాడుకుంటూ ఉంటాడు, కీర్తనో, పద్యమో. నా అడుగుల చప్పుడు విని ఆపకుండా ఉంటే చాలు.